ఫ్రిజ్‌లో వాడిపోయిన పాలకూరతో మొదలైన ఎనిమిది వారాల డైరీ

మొదలుపెట్టే ముందు

ఆదివారం ఉదయం ఫ్రిజ్ శుభ్రం చేసేది మా నాన్నగారే. ఆ రోజు అడుగు అర బయటికి లాగి నల్లబడిన పాలకూర కట్ట, మెత్తబడిన రెండు క్యాప్సికంలు, ముడతలు పడ్డ బీట్‌రూట్ బల్ల మీద వరసగా పెట్టారు. "కొనడం బాగానే కొంటున్నామమ్మా, తినడమే లేదు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నాకు మరీ తగిలింది.

ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల పాప, నాన్నగారు. పండ్లు, కూరగాయల్లో ఉండి మన కణాలు దెబ్బతినకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్లు మంచివని మా అందరికీ తెలుసు. తెలిసినా ఆ కట్ట వాడిపోయింది. కాబట్టి ఈసారి ఇంకా చదవడం కాదు, ఎనిమిది వారాలు తూచి రాసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఒక చిన్న డిజిటల్ కాటా, ఒక నోటు పుస్తకం తీసి పెట్టుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటోంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 350 గ్రాములు. బంగాళాదుంపలాంటి పిండి దుంపలు ఈ లెక్కలోకి రావు. మా గురి కూడా అదే.

రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, కొత్త వంటలు నేర్చుకోను. ఇప్పటికే వండుకుంటున్న వాటిలోకే ఇంకో కూరగాయో, పక్కన ఇంకో పండో చేరాలి. రెండు, మాత్రలు కొనను. రెండో నియమం వెనక ఉన్న కథ నన్ను బాగా కదిలించింది. కెరోటిన్ ఉన్న కూరగాయలు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని గమనించి, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లతో ఒక పెద్ద పరీక్ష చేశారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. క్యారెట్‌లో ఉన్న పదార్థమే, కానీ విడదీసి పెద్ద మోతాదులో ఇస్తే ఒంట్లో మరోలా పనిచేసింది. అప్పటినుంచి నాకు "యాంటీఆక్సిడెంట్" అని రాసి ఉన్న డబ్బా కంటే మామూలు క్యారెట్ మీదే నమ్మకం.

మొదటి వారం: ఏమీ మార్చకుండా తూకం

ఈ వారం తిండిలో మార్పేమీ లేదు, తూకం మాత్రమే. తొక్క, తొడిమ తీసేశాక, వండకముందు బరువు రాశాను. వండాక తూస్తే లెక్క కుదరదు. వంద గ్రాముల పాలకూర వేడికి వాడిపోయేసరికి గుప్పెడు కూడా మిగలదు.

వారం సగటు నాకు 190 గ్రాములు. మా ఆయనకు 170. పాపకు 120. నాన్నగారు 240 గ్రాములతో అందరికంటే ముందున్నారు, ఎందుకంటే ఆయన రోజూ రెండు పండ్లు తింటారు.

గ్రాముల కంటే నన్ను ఆలోచింపజేసింది పక్క కాలమ్. అందులో రంగులు రాశాను. వారం మొత్తంలో మా పళ్ళెంలోకి వచ్చినవి ఎరుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ. ఊదా ఒక్కసారీ రాలేదు, నారింజ రంగు రెండుసార్లే.

రంగు చూడటానికి కారణం ఉంది. మన కణాలు ఆక్సిజన్‌తో శక్తి తయారు చేసుకునేటప్పుడు కొన్ని అణువులు ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా మిగిలిపోతాయి. ఫ్రీ రాడికల్స్ అనేది వీటినే. ఆ లోటు తీర్చుకోవడానికి పక్కనున్న కొవ్వుల నుంచి, ప్రొటీన్ల నుంచి, డీఎన్‌ఏ నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. యాంటీఆక్సిడెంట్ తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఆ గొలుసును తెంపుతుంది. మొక్కలు ఎండ నుంచి, పురుగుల నుంచి తమను కాపాడుకోవడానికి ఇలాంటి పదార్థాలు ఎన్నో తయారు చేసుకుంటాయి. వాటిలో చాలావాటికి రంగు ఉంటుంది. టమాటా ఎరుపు లైకోపీన్. క్యారెట్ రంగు బీటా కెరోటిన్. నల్ల ద్రాక్ష, ఊదా క్యాబేజీ, బ్లూబెర్రీల్లో ఉండేది ఆంథోసయనిన్. ఆకుకూరల్లో లూటీన్ ఉన్నా, క్లోరోఫిల్ పచ్చదనం కింద దాని పసుపు మనకు కనబడదు. అలాగని రంగులేనివి పనికిరానివి కావు. ఉల్లిపాయలో క్వెర్సెటిన్ బాగా ఉంటుంది, అదీ బయటి పొరల్లోనే ఎక్కువ. అందుకని ఈ వారం నుంచి ఉల్లిపాయ పైపొరలు రెండు మూడు కలిపి తీసేసే అలవాటు మానుకున్నాను. ఎండిన పొర ఒక్కటే తీస్తున్నాను.

రెండో వారం: రోజుకు ఒక కొత్త రంగు

రోజూ చేసే కూరలోకే ఇంకో కూరగాయ తురిమి వేయడం మొదలుపెట్టాను. కూరలో క్యారెట్ తురుము, సూప్‌లో పాలకూర, గుడ్డు అట్టులో క్యాప్సికం. మా సగటు తేలిగ్గానే 260 గ్రాములకు చేరింది. పాపకు మాత్రం 140 దగ్గరే ఆగింది.

11వ రోజు ఊదా క్యాబేజీ తెచ్చాను. సన్నగా తరిగి, కొంచెం నీళ్లు పోసి మూత పెట్టి ఉడికించాను. మూత తీసేసరికి కూర నీలంగా మారిపోయింది. పాడైందేమో అని టెన్షన్ పడి పారేయబోయాను. పాప పక్కన నిలబడి "అమ్మా, నీలం ఎందుకొచ్చింది?" అని అడగడంతో ఆగి కారణం వెతికాను. ఆంథోసయనిన్ పులుపులో ఎర్రగా ఉంటుంది, పులుపు లేకపోతే ఊదా, క్షారం వైపు వెళ్లే కొద్దీ నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. మా నీళ్లు కొంచెం క్షారంగా ఉన్నట్టున్నాయి. అరచెక్క నిమ్మకాయ పిండాను. కళ్లముందే నీలం పోయి ముదురు గులాబీ రంగు వచ్చింది. పాప ఇంకో చెక్క తనే పిండింది. తను పిండిన గిన్నెలోది తనే తినేసింది, 45 గ్రాములు. ఈ రెండు వారాల్లో పాప అడిగి తిన్న మొదటి కూర అది.

అప్పటినుంచి ఊదా క్యాబేజీ వండేటప్పుడు నీళ్లు పోయను, నిమ్మరసం ముందే కలుపుతాను. ఎక్కువ రోజులు పచ్చిగానే, సన్నగా తరిగి తింటున్నాం.

మూడో వారం: వండాలా, పచ్చిగా తినాలా

మా ఆయన పట్టు: "వండితే అంతా పోతుంది కదా, అన్నీ పచ్చిగా తిందాం." నాన్నగారికి పచ్చివి అరగవు. ఈ వారం ఎక్కువ భాగం ఈ చర్చతోనే గడిచింది. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఉపయోగపడిందీ ఇదే, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

విటమిన్ సి విషయంలో మా ఆయన మాట నిజమే. అది వేడికి తగ్గుతుంది, పైగా నీళ్లలో కరిగిపోతుంది. బ్రోకలీని నిండా నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే, విటమిన్ సి బాగానే ఆ నీళ్లతో పోతుంది. అందుకే ఇప్పుడు బ్రోకలీకి నాలుగైదు నిమిషాల ఆవిరి చాలంటున్నాం. ఏదైనా నీళ్లలో ఉడికించాల్సి వస్తే ఆ నీళ్లు సూప్‌లోకి పోతున్నాయి.

టమాటా సంగతి వేరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో ప్రచురించిన ప్రయోగంలో టమాటాలను 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేసి చూశారు. అరగంటకు విటమిన్ సి 29 శాతం తగ్గింది. కానీ కొలతకు దొరికే లైకోపీన్ రెండున్నర రెట్లు దాటింది. లైకోపీన్ కణాల గోడల లోపల గట్టిగా ఇరుక్కుని ఉంటుంది, వేడికి ఆ గోడలు విచ్చుకుంటాయి. దీనికి తోడు నూనె కావాలి. లైకోపీన్, బీటా కెరోటిన్, లూటీన్ అన్నీ కొవ్వులో కరిగేవే. నూనె చుక్క లేని సలాడ్‌లో అవి ఎంత ఉన్నా, పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

దాంతో మా ఇంటి చర్చ ఒక పంపకంతో తీరింది. టమాటా, క్యారెట్, పాలకూర: నూనెతో వండినవి. క్యాప్సికం, నారింజ, జామ, స్ట్రాబెర్రీ: పచ్చివి. నాన్నగారికి క్యాప్సికం పచ్చిగా కాకుండా ఒక నిమిషం వేడి చేసి దించుతున్నాను. సలాడ్‌లో ఒక చెంచా నూనె లేదా గుప్పెడు గింజలు తప్పనిసరి. నారింజ కంటే జామలో బరువుకు బరువు విటమిన్ సి నాలుగు రెట్ల దాకా ఉంటుందని చదివాక, పుల్లగా ఉంటేనే విటమిన్ సి ఉంటుందన్న నా చిన్నప్పటి నమ్మకం పోయింది. ఎర్ర క్యాప్సికంలోనూ నారింజలో కంటే రెట్టింపుకు పైగా ఉంటుంది.

19వ రోజు: పాప కోసం బ్లూబెర్రీ, అరటిపండు, పాలు కలిపి స్మూతీ చేశాను. బాగా తాగింది, నేనూ సంతోషించాను. మర్నాడు ఒక విషయం తెలిసింది. యాపిల్ కోసి పెడితే గోధుమ రంగుకు తిప్పే ఎంజైమ్ అరటిపండులో చాలా ఎక్కువ. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో అరటిపండు స్మూతీ తాగినవాళ్ల ఒంట్లోకి, బెర్రీల్లోనూ ఉండే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు, వాటినే మాత్రగా వేసుకున్నప్పటి కంటే 84 శాతం తక్కువగా చేరాయి. అరటిపండు మంచి పండే, దాన్ని మానాల్సిన పనిలేదు. బెర్రీలతో కలిపి మిక్సీలో వేయడం ఒక్కటే మానేశాను. ఇప్పుడు బెర్రీలు పెరుగుతో, అరటిపండు విడిగా సాయంత్రం.

నాలుగో వారం: వెనక్కి

సగటు 310 నుంచి 230కి పడిపోయింది. ఆఫీసులో పని ఎక్కువై నేను రోజూ ఆలస్యంగా వచ్చాను. ఫ్రిజ్ నిండా కూరగాయలున్నా గురువారం, శుక్రవారం మా పళ్ళెంలో ఎర్రని టమాటా తప్ప ఏమీ లేదు. ఆదివారం అడుగు అరలో మళ్లీ ఒక కట్ట వాడిపోయింది.

నోటు పుస్తకం ముందు పెట్టుకుని నాలుగు వారాలూ చూశాను. తక్కువ తిన్న రోజులన్నిటికీ ఒకే పోలిక: ఆ రోజు సాయంత్రానికి ఏదీ తరిగి లేదు. అలిసిపోయి ఇంటికొచ్చినవాళ్లకు కడిగి, చెక్కు తీసి, తరిగే ఓపిక ఉండదు. మేం ఆరోగ్యం మీద శ్రద్ధ లేక తినకపోవడం కాదు. ఆ పావుగంట మాకు దొరకడం లేదు.

కాబట్టి మార్పు ఇది. ఆదివారం, బుధవారం అరగంట చొప్పున కూర్చుని తరుగుతాం. క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ మూత గట్టిగా పట్టే గాజు డబ్బాల్లో, కళ్లకు ఎదురుగా ఉండే అరలో. పండ్లు ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీదికి. తరిగి ఉంచితే విటమిన్ సి కొంత తగ్గుతుందని తెలుసు, గాలి తగిలే కొద్దీ అది ఆక్సీకరణ చెందుతుంది. అయినా అలా చేయడమే సరైనదని నా నిర్ణయం. కొంత తగ్గిన క్యారెట్ కడుపులోకి పోతుంది, చెక్కుచెదరని క్యారెట్ చెత్తబుట్టలోకి పోతోంది. క్యాప్సికం, ఆకుకూరలు మాత్రం ఎప్పటికప్పుడే తరుగుతున్నాం.

ఐదో వారం: నేను ముందే అడగాల్సిన ప్రశ్న

నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. ఆయనకు క్రమం తప్పకుండా ఐఎన్‌ఆర్ పరీక్ష ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె అది, తగ్గితే మందు చాలడం లేదని అర్థం. ఆ విలువ 2కీ 3కీ మధ్య ఉండాలని డాక్టరు చెప్పారు. ఈసారి 1.7 వచ్చింది.

డాక్టరు మొదట అడిగిన మాట, "తిండిలో ఏమైనా మార్చారా?" అని. రెండో వారం నుంచి రోజు విడిచి రోజు పాలకూర పెడుతున్నానని చెప్పాను. ఒక్కోసారి వంద గ్రాములు కూడా. పాలకూర, బ్రోకలీల్లో విటమిన్ కె ఎక్కువ, వార్ఫరిన్ పనిచేసేది సరిగ్గా దానికి ఎదురుగా. ఆకుకూర హఠాత్తుగా పెరిగితే మందు పని తగ్గుతుంది, హఠాత్తుగా మానేస్తే మందు పని ఎక్కువై రక్తస్రావం ప్రమాదం వస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచి చేస్తున్నాననుకుంటూ నాన్నగారి మందుకే అడ్డుపడ్డాను. తిండి మార్చే ముందు అడగాల్సిన ఒక్క ఫోను చేయలేదు.

డాక్టరు ఆకుకూర మానమనలేదు. "ఎంత తింటారో రోజూ అంతే తినండి, మందు దానికి తగ్గట్టు సరిచేస్తాను" అన్నారు. అప్పటినుంచి నాన్నగారి పాలకూర రోజూ 60 గ్రాములు, కాటా మీద తూచి. తూకం ఆయనే వేసుకుంటారు. "కంగారు పడకమ్మా, మందులాగే ఇదీ లెక్క" అన్నారు. రెండు వారాల తర్వాత ఐఎన్‌ఆర్ 2.3కి వచ్చింది.

ఇంట్లో ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునేవాళ్లు ఈ పేజీ తప్పక చదవాలని నా కోరిక. వార్ఫరిన్ వాడేవాళ్లకే కాదు, కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు, కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు కూడా పాలకూర, బీట్‌రూట్ పెంచే ముందు డాక్టరును అడగాలి. కొన్ని రకాల కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ విషయంలో జాగ్రత్తపడాలి. అది ఆ మందును రక్తంలో పెంచేస్తుంది.

ఆరో వారం

డబ్బాల పద్ధతి పనిచేస్తోంది. సగటు 360.

38వ రోజు ఉదయం మా ఆయన బాత్రూంలోంచి కంగారుగా పిలిచారు. మూత్రం గులాబీ రంగులో వచ్చింది. ముందు రోజు రాత్రి బీట్‌రూట్ బాగా తిన్నారు. బీట్‌రూట్ ఎరుపు ఆంథోసయనిన్ కాదు, బీటాలెయిన్ అనే వేరే జాతి రంగు. కొందరిలో అది పూర్తిగా విరగకుండా అలాగే బయటికి వస్తుంది, హాని లేదు. బీట్‌రూట్ తినని రోజు కూడా అలా వస్తే మాత్రం పరీక్ష చేయించుకోవాలని అనుకున్నాం. మర్నాటికి మామూలైంది.

యాపిల్ చెక్కు తీయడం మానేశాం. అందులోని క్వెర్సెటిన్ దాదాపు అంతా తొక్కలోనే. బాగా కడుగుతున్నాం.

ఏడో వారం: ఫ్రీజర్

ఫ్రీజర్‌లోవి తాజావాటి కంటే తక్కువని నేను అనుకునేదాన్ని. కానీ కూరగాయలను కోసిన కొద్ది గంటల్లోనే మరిగే నీళ్లలో కాసేపు ముంచి గడ్డకట్టిస్తారు. ఆ ముంచడంలో విటమిన్ సి కొంత పోతుంది, ఆ తర్వాత నెలల తరబడి పెద్దగా తగ్గదు. మా ఫ్రిజ్‌లో అయిదు రోజులు పడి ఉన్న పాలకూరకు ఆ మాట చెప్పలేం. కాబట్టి బఠానీ, బెర్రీలు, బ్రోకలీ ఒక్కో సంచి ఫ్రీజర్‌లో ఉంచుతున్నాను. తరగడానికి కుదరని రోజు అవే దిక్కు. ఈ వారం రెండు రోజులు అలా గడిచాయి, ఆ రెండు రోజుల్లోనూ 350 దిగలేదు.

రసాల గురించి మా ఆయన అడిగారు. పండు రసంగా తీస్తే పీచు పోతుంది, రెండు మూడు పండ్ల చక్కెర ఒక్క గ్లాసులో చేరుతుంది. మేం పండు కొరికి తినడమే ఉంచుకున్నాం.

ఎనిమిదో వారం

ఈ వారం సగటు: నాకు 410, మా ఆయనకు 390, నాన్నగారికి 420. పాపకు 290. తన గురి 350, ఇంకా 60 తక్కువ. బలవంతం చేయలేదు. తనకు నచ్చినవి మూడే: నిమ్మకాయ పిండిన ఊదా క్యాబేజీ, దానిమ్మ గింజలు, నూనెలో దోరగా వేగిన క్యారెట్. వాటినే మార్చి మార్చి పెడుతున్నాను, నాలుగోదిగా క్యాప్సికం వారానికి రెండుసార్లు చిన్న ముక్క పళ్ళెంలో పెడుతున్నాను. తినకపోయినా ఏమీ అనను. శనివారం ఒక ముక్క కొరికింది.

ఒంట్లో ఏం మారిందని బంధువులు అడుగుతున్నారు. చర్మం మెరిసిందా, జలుబు తగ్గిందా అని. నేను కొలిచింది గ్రాములనే, ఒంట్లో మార్పులను కాదు. ఎనిమిది వారాల్లో నలుగురు మనుషులతో అది తేలదు కూడా. "ఇందులో యాంటీఆక్సిడెంట్ శక్తి ఇంత" అని పండ్లకు ర్యాంకులిచ్చే పట్టికలనూ నేను పట్టించుకోలేదు. పరీక్ష గొట్టంలో కొలిచిన ఆ అంకెలు మనిషి ఒంట్లో జరిగేదాన్ని చెప్పవని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఓఆర్‌ఏసీ అనే తన అలాంటి పట్టికనే తీసేసింది. నా పుస్తకంలో ర్యాంకులు లేవు. రంగు, బరువు, ఎవరు తిన్నారు, అంతే.

తూకం ఇక నాన్నగారి పాలకూరకే. మిగతావాళ్లకు ఇప్పుడు కంటి అంచనా సరిపోతోంది. ఒకసారి పరీక్షించుకున్నాను, 400 అనుకున్నది 385 వచ్చింది. బుధవారం తరగడం మా ఆయన వంతు, ఆదివారం నాది, దానిమ్మ ఒలవడం పాపది. నాన్నగారి తర్వాతి ఐఎన్‌ఆర్ పరీక్ష వచ్చే గురువారం. అది చూశాకే ఆయన బ్రోకలీ సంగతి డాక్టరును అడగాలి, అప్పటిదాకా ఆయన పళ్ళెంలో అదే 60 గ్రాములు.